సగం డాక్టరు

"మా ఆవిడ చేతిలో మెడ పెట్టండి సార్. టక్కుమని ఒక్క తిప్పు తిప్పుతుంది, రేపటికి గుర్రంలా ఉంటారు" అని హాల్లోంచి భర్త గొంతు వినపడేసరికి ఆమె చేతిలోని టీ కప్పు సబ్బు నురగలోకి జారిపోయింది. వచ్చినాయన అతని ఆఫీసులో పెద్ద మేనేజరు. అతని ప్రమోషను ఆయన చేతిలోనే ఉంది. మెడ పట్టేసిందని ఆయన ఒక మాట అన్నాడో లేదో, ఇంట్లో ఉచిత వైద్యం ఉందంటూ భర్త వెంటబెట్టుకొచ్చాడు. వైద్యం చేసే మనిషిని ముందు అడుగుదామన్న ఆలోచన మాత్రం దారి పొడుగునా రానట్టుంది.

ఆమె కైరోప్రాక్టర్. వెన్నుపూసల్నీ కీళ్ళనీ చేత్తో సరిచేస్తుంది. మందులు రాయకూడదు, సూది వేయకూడదు, కత్తి పట్టకూడదు అని చట్టం గీత గీసింది. ఆ గీతంటే ఆమెకు చిరాకేమీ లేదు. దాని లోపల పనిలో ఆమె ఎవరికీ తీసిపోదు. ఇంట్లోవాళ్ళకే అదొక వేళాకోళం. "మా కోడలు డాక్టరే గానీ జ్వరం మాత్ర కూడా రాయలేదమ్మా" అని అత్తగారు వచ్చినవాళ్ళందరి ముందూ నిట్టూరుస్తుంది. సగం డాక్టరు అని పేరు పెట్టింది ఆడపడుచు. ఆ సగం డాక్టరు దగ్గరికే తన నడుమూ, తోడికోడలి భుజమూ, పక్కింటావిడ వీపూ మోసుకొస్తుంది. సెలవు రోజైతే డైనింగ్ కుర్చీ ఖాళీ ఉండదు. క్లినిక్‌లో రోజంతా నిలబడి వచ్చి, వంట చేసి, అంట్లు తోమి, ఆపైన చుట్టాల వీపులు. "కాస్త నొక్కితే నీ సొమ్మేం పోయింది?" అంటారు. బొటనవేళ్ళు వాచి కూర దింపలేకపోయిన రోజు "నీ వైద్యం నువ్వే చేసుకో" అని భర్త పకపకా నవ్వాడు. గౌరవానికి సగం మనిషి, చాకిరీకి ఇద్దరు మనుషుల పెట్టు! తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది. మేనేజరు అప్పటికే చొక్కా కాలరు వదులు చేసుకుని కూర్చున్నాడు.

"నొప్పి ఒక్కటేనా అండీ, ఇంకేమైనా ఉందా?"

"తల తిరుగుతోందమ్మా. పొద్దుట్నించీ ఈ చెయ్యి కూడా తిమ్మిరిగా ఉంది."

ఆమె ముందుకు చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. మెదడుకు రక్తం పోయే నాళాలు మెడలోంచే వెళ్తాయి. ఇలాంటి మెడను తిప్పితే మనిషికే ముప్పు రావచ్చు.

"నేను ముట్టుకోకూడదండీ. మీరు ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. తాత్సారం చెయ్యకండి."

"మా ఆవిడకి పిరికితనం ఎక్కువ సార్" అన్నాడు భర్త, పళ్ళన్నీ బయటపెట్టి. "ఏదీ, ఒక్కసారి కానివ్వు."

"ఇలాంటి మెడ తిప్పడానికి చట్టం ఒప్పుకోదండీ. చట్టం ఊరుకున్నా నేను చెయ్యను."

"ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఇదా మర్యాద?" అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. మేనేజరు ఇబ్బందిగా కాలరు గుండీ పెట్టుకున్నాడు.

"మీ కారు డ్రైవరు కింద ఉన్నాడుగా, ఆసుపత్రి పేరు చెప్తాను. ఆలస్యం వద్దు" అని, చీటీ మీద రాసి ఆయన చేతిలో పెట్టి ఆమె వంటింట్లోకి నడిచింది. వెనకే వచ్చాడు భర్త. జబ్బ పట్టుకుని ఇటు తిప్పాడు.

"పరువు తీశావు కదే! చట్టం, చట్టం! ఇంకా ఏమేం చెయ్యకూడదుట నీ చట్టంలో?"

ఆమె తన జబ్బ మీది వేళ్ళకేసి చూసింది. క్లినిక్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా "ఇక్కడ చెయ్యి వేయనా?" అని అడిగి, వాళ్ళు సరేనన్నాకే వీపు తాకుతుంది. అడగడం తప్పనిసరి. ఈ ఇంట్లో ఆమె ఒంటిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పక్కకి తోసేటప్పుడు లేదు, మంచం మీదికి లాక్కునేటప్పుడూ లేదు.

"అడక్కుండా ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యకూడదు" అంది.

అతను నవ్వాడు. "నేను నీ మొగుణ్ణే."

"చెయ్యి తియ్యి."

పెళ్ళయినప్పట్నించీ అతన్ని మీరు తప్ప మరో మాట అనని నోరది. ఆ మాట ఆమె చెవులకే కొత్తగా వినపడింది. అతను వినలేదేమో అనిపించి మళ్ళీ అంది, ఈసారి హాల్లో వాళ్ళకి కూడా తెలిసేలా.

"నిన్నే. చెయ్యి తియ్యి."