అమ్మమ్మ మెరుపు

నా తోడికోడలు బిందుమాధవి అమ్మే సున్నిపిండి డబ్బా మీద "అమ్మమ్మ మెరుపు" అని రాసుంటుంది. బిందు వాళ్ళ అమ్మమ్మని నేనెరుగుదును. బాపట్లలో వాళ్ళ వెనక వీధే మాది. ఆవిడ జన్మంతా ఒక్క ఎర్ర సబ్బుతో నెట్టుకొచ్చింది. ఒంటికీ అదే, బట్టలకీ అదే, తద్దినం నాడు తలకీ అదే. గులాబీ రేకులు నీడన ఎండబెట్టి, కమలా తొక్కలు దంచి మొహానికి రాసుకునే తీరిక ఆ మహాతల్లికి ఎక్కడిది? ఈ రెసిపీ అంతా బిందు యూట్యూబులో చూసి, ఇంగ్లండులో, ఈ స్విండన్‌లో, తన వంటింట్లో మిక్సీ పట్టింది. అయినా డబ్బా మీద గుండ్రంగా అమ్మమ్మ బొమ్మ వేయించింది. ఆ బొమ్మలో ఆవిడ దొరసానిలా తెల్లగా ఉంది.

నేనిక్కడ ఒక జీపీ సర్జరీలో, అంటే పేటలో డాక్టర్ల క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. పొద్దున్న తొమ్మిదింటికి నేను ఫోన్ దగ్గర కూర్చోగానే, అపాయింట్‌మెంట్ దొరకని ప్రతివాడూ నన్నే తిడతాడు. తిరిగి తిట్టకూడదు కాబట్టి ఆ కోపమంతా ఇంటికి మోసుకొస్తాను. మా ఆయన వీరాంజనేయులు ఐటీలో చేస్తాడు, మా మరిది హర్షవర్ధన్ కూడా ఐటీయే. రెండిళ్ళకీ మధ్య ఒక్క వీధే అడ్డం. అంచేత నా కోపంలో సగం వాటా బిందుకి దక్కుతుంది.

మాకొక్కతే కూతురు, సాత్విక. తొమ్మిదేళ్ళు. ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అరిస్తే అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. రంగు నాదే, చామనచాయ. కుడి బుగ్గ మీద, నాకున్న చోటే, పెసరగింజంత నల్లటి పుట్టుమచ్చ ఉంది. అది పుట్టిన రోజు నర్సు గుడ్డలో చుట్టి నా చేతికిస్తే ముందు ఆ మచ్చే చూశాను. చూసి ఒట్టు పెట్టుకున్నాను. నా చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నా గడ్డం పట్టుకుని "నలుపైనా కళ గల మొహంలే, ఆ మచ్చొక్కటే" అని జాలిపడేవాళ్ళు. నా ఇంట్లో నా కూతురితో ఆ మాట అన్నవాళ్ళకి కాఫీ కూడా పొయ్యనని ఆ ఒట్టు.

సాత్విక రిసెప్షన్‌లో, అంటే ఇక్కడి స్కూళ్ళలో అన్నిటికంటే చిన్న క్లాసులో, చేరిన రోజు నుంచీ స్కూలు గేటు దగ్గర మాకొక అలవాటు. నేను వంగుతాను, అది కుడి బుగ్గని నా కుడి బుగ్గకి ఆనించి మచ్చకి మచ్చ నొక్కుతుంది. దానికి "స్టాంప్" అని పేరు కూడా అదే పెట్టుకుంది. స్టాంపు పడితే తప్ప గేటు దాటదు. నాకూ ఆ స్టాంపు పడితే తప్ప తొమ్మిది తర్వాత తిట్లు తినే ఓపిక రాదు.

ఇక ఇక్కడి మన తెలుగు ఆడవాళ్ళ సంగతి. ఈ రెండేళ్ళలో ఏం పిచ్చి పట్టిందో గానీ, ఎవరింటికి వెళ్ళినా ఫ్రిజ్‌లో కూర కంటే క్రీములే ఎక్కువ. బాపట్లలో గేదె కుడితిలో పోసే బియ్యం కడుగునీళ్ళని గిరిజ సీసాలో పోసి మొహం మీద స్ప్రే చేసుకుంటుంది. కొరియా పద్ధతట. విజయ పొద్దున్నొక సీరం, మధ్యాహ్నమొక సీరం, రాత్రికి ఇంకోటి రాసి, మొహమంతా ఎర్రగా పొక్కితే "పని చేస్తోంది" అంటుంది. ఏడాదిలో పది నెలలు ఎండ మొహమే చూడని ఊళ్ళో ఉండి, ఎండకి నల్లబడిపోతున్నామని వీళ్ళ దిగులు. వీళ్ళందరి మధ్యా బిందు అమ్మమ్మ పేరుతో దుకాణం తెరిచింది. తెరవదూ మరి!

దీపావళి మేళాకి మూడు వారాల ముందు, ఒక ఆదివారం, బిందు ఫోన్ చేసి నన్ను రమ్మంది. కమ్యూనిటీ హాల్లో స్టాల్ తీసుకుందట, బ్యానర్ మీదకి రాసుకోక ముందు ఫోటో, రాసుకున్న తర్వాత ఫోటో కావాలట. విజయనీ గిరిజనీ అడగకుండా నన్నే ఎందుకు అడిగిందో నాకు తెలీదనుకుంది కాబోలు. రాసుకోక ముందు ఫోటోకి పనికొచ్చే మొహం మా వాళ్ళందరిలో నాదొక్కటే. తెలిసీ వెళ్ళాను. వెక్కిరిద్దామనే వెళ్ళానని అప్పుడు అనుకున్నాను.

ముందు నన్ను లైటు లేని మూల నిలబెట్టి, తలకి నూనె రాసి, నవ్వొద్దని చెప్పి ఒక ఫోటో తీసింది. ఆస్తి పోగొట్టుకున్నదానిలా వచ్చాను. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, పిండిలో మీగడ కలిపి మెడ దాకా మెత్తింది.

"అక్కా, కదలమాక. నోరు కదిపితే పగుళ్ళొస్తాయి" అంది.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నా నోరు మూయించాలని చూస్తోంది, ఆవేళకి కుదిరింది. పాతిక నిమిషాలు అలా బొమ్మలా కూర్చున్నాను. ఆరాక కడిగి, పౌడరద్ది, తన జుంకాలు నాకు పెట్టి, కిటికీ దగ్గర గుండ్రటి లైటు ముందు రెండో ఫోటో తీసింది. రెండింట్లోనూ అదే చీర. చీర ఎవరు చూస్తారక్కా అంది. ఫోన్లో ఏదో యాప్ తెరిచి, వేలితో మొహమంతా తుడుస్తూ నాకు చూపించింది. అక్కడ ఏవో నాలుగు మాటలు అనుకున్నాం. ఆడవాళ్ళం ఇద్దరం కూర్చుంటే ఎన్నో అనుకుంటాం, అన్నీ గుర్తుంటాయా ఏమిటి?

అసలు కథ మర్నాడు. సున్నిపిండిలో వెయ్యాల్సింది కస్తూరి పసుపు, అది అంటదు. స్విండన్‌లో కస్తూరి పసుపు దొరక్క బిందు పప్పులో వేసే పసుపే గుప్పెడు గుమ్మరించింది. ఎన్నిసార్లు కడిగినా నా మొహం పేరంటానికి బయల్దేరినట్టే ఉంది. మాస్కు పెట్టుకుని సర్జరీకి వెళితే మెడ పట్టిచ్చింది. డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, తలుపేసి, కింది రెప్ప లాగి చూసి, ఆకలి ఎలా ఉంది, మూత్రం ఏ రంగులో ఉంది అని మెల్లగా అడిగింది. కామెర్లనుకుంది. వంట పసుపు అని చెప్పాను. మొహానికి ఎందుకని అడిగింది. ఫోన్ మోగుతోందని బయటికొచ్చేశాను.

ఆ వారాంతానికల్లా నా రెండు మొహాలూ ఇన్‌స్టాలో పక్కపక్కన వెలిశాయి. ఎడమ వైపు ఆస్తి పోయిన నేను. కుడి వైపు పసుపంతా బంగారమైపోయి, నునుపు తేలి, పదేళ్ళు తగ్గిన నేను. కింద "మూడు వారాల్లో మా అక్క" అని రాసింది. నిజానికి పట్టింది, కడగడంతో కలిపి, నలభై నిమిషాలు. రెండో ఫోటోలో బుగ్గ మీద మచ్చ కూడా లేదు, ఆ యాప్ మాయ. ఇంతింత అబద్ధాలు చూస్తూ నేను ఒంటికాలి మీద లేవాలి కదా? లేవలేదు. నాతో డిగ్రీ చదివినవాళ్ళు పదిహేనేళ్ళ తర్వాత పలకరించారు. మా పెద్దాడపడుచు డబ్బాలు పంపమంది. మా ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, బాగున్నావే అన్నాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో నా ఎదురుగా నన్ను చూసి ఆ మాట అన్న పాపాన పోలేదు. ఆయన ఫోన్ కింద పెట్టాక నేను తీసుకుని ఇంకోసారి చూసుకున్నాను. సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు?

సోమవారం గేటు దగ్గర వంగితే సాత్విక స్టాంపు వెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆలస్యమైంది కాబోలనుకున్నాను. మంగళవారం, తొమ్మిదేళ్ళొచ్చాక ఇంకా చిన్నపిల్లల ఆటలేంటి అన్నట్టు ఏదో గొణిగింది. బుధవారం తల అటు తిప్పుకుంది. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారేమోనని టీచర్ని అడిగాను, ఎవరూ ఏమీ అనలేదంది. ఆ వారమంతా రిసెప్షన్‌లో నేను పేషెంట్ల మీద ఎగిరి పడ్డానని మేనేజరు పిలిచి చెప్పింది. నాకు దిగులుగా ఉందని, నా కూతురు నాకు బుగ్గ ఇవ్వడం లేదని ఆవిడకి ఎలా చెప్పను?

ఆ పై వారం శనివారం మేళా. పొద్దున్న పట్టుపావడా ఇస్త్రీ చేసి బాత్‌రూమ్ తలుపు తోస్తే, సాత్విక అద్దం ముందు స్టూలెక్కి ఉంది. వాష్‌బేసిన్‌లో, బిందు నాకిచ్చిన అమ్మమ్మ మెరుపు డబ్బా సగం ఒలికి ఉంది. చేతిలో గిన్నెలు తోమే పీచు. కుడి బుగ్గ తోలు లేచి ఎర్రగా, మధ్యలో మచ్చ ఎక్కడిదక్కడే ఉంది. నన్ను చూసి పీచు వెనక దాచింది. నా ప్రాణం అక్కడే సగం పోయింది. ఏడవను కూడా ఏడవడం లేదు. పది రోజులుగా రోజూ తోముతున్నా పోవడం లేదని, మీగడ కలపకపోవడం వల్లా అని నన్ను అడిగింది. పిన్ని ఫోటోలో నీది పోయింది కదా అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. బుగ్గకి ఆయింట్‌మెంట్ రాసి, దాన్ని కార్లో కూర్చోబెట్టి, తల కూడా దువ్వుకోకుండా హాలుకి వెళ్ళాను. దారి పొడుగునా ఏం అనాలో లెక్కపెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల బుగ్గ గీరుకునేలా చేసిన పాపిష్టిదానా అని మొదలుపెట్టి, అమ్మమ్మ ఎర్ర సబ్బు దాకా అంతా బయటపెట్టేద్దామనుకున్నాను.

హాల్లో సమోసాల వాసన, పిల్లల డాన్సు పాటలు. గుమ్మానికెదురుగానే బిందు స్టాలు. దాని వెనక నిలువెత్తు బ్యానరు, బ్యానరు మీద నా మొహాలు రెండూ తలుపంతేసి. డబ్బాల ముందు విజయా, గిరిజా, ఇంకో పదిమంది ఉన్నారు. సాత్విక నా చెయ్యి పట్టుకునే ఉంది.

చెప్పాను. రెండు ఫోటోలూ ఒకే పూట తీసినవని, చీర చూసుకోమని, పిండిలో ఉన్నది పప్పులోకి వేసే పసుపని, దాని దెబ్బకి డాక్టరు నాకు కామెర్లని రెప్పలు లాగిందని గట్టిగా చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. విజయ చేతిలో డబ్బా కింద పెట్టేసింది. బిందు మొహం మాడిపోయింది. నేను ఆగలేదు. సాత్విక బుగ్గ అందరికీ కనబడేలా తిప్పి చూపించాను.

"ఇది చూడండి. దేవుడిచ్చిన మచ్చ చెరిపేసి ఈవిడ ఫోటో పెడితే, అది చూసి నా కూతురు పీచెట్టి తోముకుంది. చెరపడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది బిందూ?"

బిందు సాత్విక బుగ్గ వైపు చూసింది. బిందు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగానే. చేతిలో గుడ్డ మడతపెడుతూ, నాకొక్కదానికే చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"నేనెక్కడ చెరిపానక్కా? నేను ఉంచుదామనే అన్నా. నువ్వేగా నా చేతిలో ఫోన్ లాక్కుని, 'చిన్నప్పట్నుంచీ ఈ దరిద్రం నన్ను వదల్లా, ఇదొక్కటి తీసెయ్యవే' అన్నావు. వేలు పెట్టి తుడిచింది కూడా నువ్వే."

పక్కన పాట ఆగింది. అందరూ నా వైపే చూస్తున్నారు. గుర్తులేకేం, నేనన్న ప్రతి ముక్కా గుర్తుంది. తుడిచాక "హమ్మయ్య" అని కూడా అన్నాను. ఆ మాట బిందు చెప్పలేదు, దయ తలిచింది.

నా చేతిలో సాత్విక చెయ్యి వదులైంది. అది తెలుగులో జవాబు చెప్పదు గానీ ప్రతి మాటా దానికి అర్థమవుతుంది. దరిద్రం అంటే ఏమిటో దానికి తెలుసు. దాని పాలు ఒలికినప్పుడల్లా నేను అనే మాటే అది. సాత్విక మెల్లగా ఇంగ్లీషులో, నాది కూడా ఫోన్లో తుడిచేస్తావా అమ్మా, అలా అయితే మంట పుట్టదు కదా అని అడిగింది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. వంగి, గేటు దగ్గరలాగే నా కుడి బుగ్గ దాని ముందు పెట్టాను. సాత్విక ముందు నా బుగ్గ మీది మచ్చని చూసింది. తర్వాత తలెత్తి, నా వెనక బ్యానరు మీద ఉన్న బుగ్గని చూసింది. అట్లా ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ నిలబడింది. నేను బుగ్గ చాపుకుని అక్కడే కూర్చున్నాను.