పదకొండు రంధ్రాల నిద్రగన్నేరు

చెట్టు మొదట్లో బెరడు గీకిన మొగులయ్యకు పదకొండు రంధ్రాలు కనిపించాయి. ప్రతిదాన్నీ ఎవరో లీకులకు పెట్టే ఎంసీల్ ముద్దతో మూసి, పైన మట్టి రుద్దారు.

కత్తి మొనతో ఒకదాన్ని పెకలించి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గడ్డిమందు. ఫ్యాక్టరీ కాంపౌండు గోడ వెంట కలుపు మీద కొట్టే మందే.

తలెత్తి చూశాడు. మృగశిర వచ్చి వారమైంది. ఈపాటికి ఆ నిద్రగన్నేరు కింద నిలబడితే ఆకాశం కనిపించకూడదు. ఇప్పుడు పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. చెట్టు దానంతటది ఎండలేదు. ఎవరో చంపారు.

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీలో ఏటా వానలకు ముందు కొమ్మలు కొట్టేది మొగులయ్యే. ఇరవై ఆరేళ్లుగా. ఇప్పుడు వయసు అరవై నాలుగు. మోకాళ్లు మెట్ల మీద మొరాయిస్తాయి కానీ చెట్టు మీద ఇంకా మాట వింటాయి. తాడు, రంపం, నడుముకు కట్టే పట్టా సైకిలుకు కట్టుకుని లక్డారం నుంచి వస్తాడు. ఒకప్పుడు పటాన్‌చెరు చుట్టుపక్కల ముప్పై ఫ్యాక్టరీలు పిలిచేవి. తర్వాత లిఫ్టు బండ్లు వచ్చాయి. డబ్బాలో నిలబడి మీట నొక్కితే చాలు, కొమ్మ దగ్గరికి చేరుస్తాయి. ఒక్కొక్క గేటూ ఆయన్ను మరిచిపోయింది. ఈ ఒక్క చెట్టు మిగిలింది. బాయిలర్ షెడ్డుకూ గోదాముకూ నడుమ ఇరుకు సందులో ఉంది. కొమ్మల కిందుగా ఇట్టే అంటుకునే సాల్వెంట్ పైపులు. ఏ బండీ రాదు. మనిషే ఎక్కాలి.

కింద తాడు పట్టే సంగయ్య రెండేళ్ల కింద పోయాడు. భార్య కౌసల్య అంతకు ముందే పోయింది. పిల్లలు లేరు. లక్డారంలో ఆయన గది తలుపు తట్టేది కరెంటు మీటరు చూసే మనిషి ఒక్కడే, అదీ నెలకోసారి. ఎవరైనా పేరు పెట్టి పిలిచేది ఏడాదిలో ఈ చెట్టు దగ్గర గడిచే మూడు రోజులే.

అడ్మిన్ ఆఫీసర్ భవ్యశ్రీ పొద్దున్నే విషయం చెప్పేసింది. గాలివానకు ఎండిన కొమ్మ పైపుల మీద పడితే మంటలే. గురువారం షట్‌డౌన్, ఆ రోజే చెట్టు మొత్తం దింపాలి. మీవల్ల అవుతుందా, సంగారెడ్డి నుంచి వేరేవాళ్లను పిలవాలా అని అడిగింది. వయసెంతని కూడా అడిగింది. ఎనిమిదేళ్లు తగ్గించి యాభై ఆరు అన్నాడు. అవుతుందన్నాడు. ఇది కూడా వేరేవాళ్ల చేతికి పోతే ఇక తాడు విప్పే పని ఉండదు.

ఇప్పుడు రంధ్రాల ముందు గొంతుక్కూర్చుని ఆలోచించాడు. ముందు లిఫ్టు బండి నడిపే ప్రవీణ్ గుర్తొచ్చాడు. కానీ వాడి బండి ఈ సందులోకి రాదు, వాడికేం లాభం? గోదాము పెంచాలనుకునే పైవాళ్లా? వాళ్లు చెట్టు వద్దనుకుంటే దొంగతనంగా చంపక్కర్లేదు. చెట్ల పని తెలిసినవాడైతే గొడ్డలితో చుట్టూ బెరడు చెక్కేస్తాడు. పది నిమిషాల పని. ఈ రంధ్రాలు బెత్తెడు బెత్తెడు దూరంలో, కొలిచి పెట్టినట్టున్నాయి. అన్నీ ఒకే సైజు. అన్నీ ఒకే వాలులో కిందికి.

ఇది ఫిట్టర్ చెయ్యి.

మెయింటెనెన్స్‌లో పైపులు, వాల్వులు చూసే ఫిట్టర్లు ముగ్గురు. చెట్టు ఇంతగా ఎండాలంటే మూడు నెలలైనా పడుతుంది. వాళ్లలో ఇద్దరు ఒడిశావాళ్లు, చేరింది పోయిన నెలలోనే. మిగిలింది చంద్రకాంత్.

మొగులయ్య పెకలించిన ఎంసీల్ ముక్కను జేబులో వేసుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలో ఆయన పక్కన కూర్చుని టీ తాగేది చంద్రకాంత్ ఒక్కడే. కిందటేడు సంగయ్య బదులు తాడు పట్టిందీ అతడే.

పదకొండింటికి గేటు బయట ముత్యమ్మ టీ బండి దగ్గర ఇద్దరూ కలిశారు. ముత్యమ్మ గ్లాసులు అందిస్తూ మొగులయ్య బట్టతలను చూసింది.

"చెట్టుకు ఆకుల్లెవ్వు, నీకు ఎంటికల్లెవ్వు. ఇద్దరు మంచిగ కుదిరిన్రు మొగులన్నా."

మామూలుగా అయితే ముఖంలో నవ్వు లేకుండానే ఒకటికి రెండు అంటించేవాడు. ఈసారి గ్లాసు తీసుకుని గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. చంద్రకాంత్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గురువారం ఎక్కుతున్న. తాడు పడతవా?" అన్నాడు మొగులయ్య.

"ఎందుకెక్కుడు కాకా? అది సచ్చిపాయె గద. కొమ్మలు కొట్టే పనే లేదు ఇగ."

"సచ్చింది గనకనే ఎక్కాలె. మొదట్ల కోస్తే పైపుల మీద పడతది. పైకెంచి ముక్క ముక్క దింపాలె." మొగులయ్య టీ ఊదుకున్నాడు. "పచ్చి కొమ్మ ఇరిగే ముందు మూలుగుతది. జరిగెతందుకు టైమిస్తది. ఎండిన కొమ్మ చెప్పదు. గసొంటి చెట్లు రెండే ఎక్కిన ఇన్నేండ్లల్ల. రెండోదాని మీదికెంచి పడి పక్కబొక్కలు ఇరిగినయ్."

చంద్రకాంత్ తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పదిహేడేళ్లుగా అతను ఫిట్టర్. వాడకం మానేసిన లైను జోలికి ఇక ఎవరూ పోరన్నది అతనికి తెలిసిన లెక్క. వాల్వు మూసి, వాడొద్దని ట్యాగు కట్టేస్తే అయిపోయినట్టే. చెట్టు అట్లా కాదని అతనికి ఎవరూ చెప్పలేదు.

మొగులయ్య జేబులోంచి ఎంసీల్ ముక్క తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. చంద్రకాంత్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే కాకా. ఉగాది ముందటి ఐతారం, ఎవ్వరు లేనప్పుడు. నీ మీద కోపంతోని కాదు. కిందటేడు తాడు నా చేతులుండె. పైన నువ్వు మాట్లాడుతున్నవ్. నాతోని అనుకొని 'ఆ కాకా' అన్న. నాతోని కాదు. 'సంగయ్యా, జెర బిగవట్టు' అంటున్నవ్. 'సంగయ్యా, తిన్నవా' అంటున్నవ్. గంటసేపు. ఆయన పోయి అప్పటికి ఏడాది. ఆఖరికి 'ఇడిసిపెట్టు సంగయ్యా, వస్తున్న' అని కొమ్మ మీదికెంచి రెండు చేతులు ఇడిసినవ్. నా అరచేతుల తోలు లేచింది గని నేను తాడు ఇడువలే. దిగినంక నీకు ఏం యాదికి లేదు, బీడీ అడిగినవ్. మేడమ్‌కు చెప్తే నిన్ను గేటు దాటనియ్యదు. నీకు చెప్తే ఇనవు. చెట్టే లేకుంటే ఎక్కేది ఉండదనుకున్న. సచ్చినంక గూడ అది మనిషినే ఎక్కమని అడుగుతదని నాకు తెల్వదు. ఇప్పుడే మేడమ్ దగ్గరికి పోయి చెప్త. షట్‌డౌన్ ఇంకో రెండు రోజులు ఇస్తే పైపులు నేను ఇప్పుత, చెట్టును కిందికెంచే కొయ్యొచ్చు. నా నౌకరి పోతే పోనీ. నువ్వు మాత్రం ఎక్కకు. పదిహేడేండ్ల సంది నువ్వు నవ్వంగ నేను సూడలే కాకా. ఆడ పైన, ఎవ్వరు లేని కొమ్మ మీద, నువ్వు నవ్వుతుంటే కింద నాకు భయమైంది."