అడ్డం కట్టని చీర

మోకాలి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, ఎవరైనా పట్టుకుంటే తప్ప స్నానం చెయ్యలేని దాన్నయ్యాను. పాత బాత్రూం గడప ఎత్తు, లోపల ఇరుకు. అందుకని నా కొడుకు మహిపాల్ దాన్ని పగలగొట్టించి కొత్తగా కట్టిస్తున్నాడు.

షవరు దగ్గరకొచ్చేసరికి మేస్త్రీ సారయ్య పని ఆపాడు. చుట్టూ గాజు తలుపులు పెట్టాలా, ఓపెన్‌గా వదిలెయ్యాలా అని అడిగాడు. గాజు పెడితే నీళ్లు బయట చిందవు కానీ లోపల ఒక్క మనిషే పడుతుంది. ఓపెన్ అయితే కుర్చీ పడుతుంది, పక్కన ఇంకొకరు నిలబడొచ్చు. కాకపోతే తలుపు తీస్తే హాల్లోకి అంతా కనిపిస్తుంది.

నా కోడలు మానస ఓపెనే మంచిదంది. నేను గాజే కావాలన్నాను, అదీ మసక గాజు.

"మరి నీళ్లెవలు పోస్తరు అత్తమ్మా? నేను బయట నిలబడి పైపుతోని కొట్టాల్నా, బర్రెను కడిగినట్టు?" అంది. సారయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇరవై ఏళ్ల కింద, కాశిబుగ్గలో ఉన్నప్పుడు, మా అత్త సమ్మమ్మకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయాయి. పెరట్లో బండ మీద పీట వేసి నేనే స్నానం చేయించేదాన్ని. ఎదురుగా కిరాయివాళ్ల గదులు. మగవాళ్లు వస్తూ పోతూ ఉండేవాళ్లు. ఒకరోజు ఆమె ఒంటిచేత్తో గుండెల మీద తడిగుడ్డ పట్టుకుని, "బిడ్డా, ఒక్క చీర అడ్డం కట్టరాదే" అని అడిగింది. దండెం అక్కడే ఉంది. దాని మీద చీరలూ ఆరుతున్నాయి. ఎంతసేపటి పని? నాకు దుకాణంలో ఉన్న మా ఆయనకు అన్నం పంపే తొందర.

"ముసల్దానివి, నిన్నెవలు జూస్తరు" అన్నాను. గట్టిగానే అన్నాను. కిరాయివాళ్లలో ఎవరో నవ్వారు.

సారయ్య ముందు ఇదంతా ఎలా చెప్పను? గాజు అన్న మాటే పట్టుకుని కూర్చున్నాను. అతను పెన్సిల్‌తో గోడ మీద గాజు అని రాసుకోబోతుంటే మానస నావైపు కాసేపు చూసింది.

"ఓపెనే ఉంచు సారయ్యన్నా. పైన ఒక రాడ్ పెట్టు, పరద కడుత. అత్తమ్మకు సిగ్గయితాంది" అంది.

నేను అడగలేదు. అడక్కుండానే కడతానంది. 

పది రోజులకు పని పూర్తయింది. మొదటి రోజు మానస నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు పరద లాగింది, ఆ తరువాతే నా చీర మీద చెయ్యి వేసింది. వీపు రుద్దుతుంటే, మా అత్త అడిగిన మాట, నేను అన్న మాట, రెండూ చెప్పేశాను. మానస షవరు కట్టేసింది.

"మల్ల అడుగలేదా ఆమె?"

"లేదు. ఆ రోజు నుంచి తానమే వద్దన్నది. ఆమెకు ఒళ్లు బద్ధకమని నేను వాడలోల్లందరికి చెప్పిన."

ఓదారుస్తుందేమోనని ఎదురుచూశాను. మానస మళ్లీ నీళ్లు వదిలింది. ఓరగా వేసిన తలుపు సందులోంచి వచ్చే హాలు ఫ్యాను గాలికి పరద అంచు కొద్దిగా తొలగితే, సబ్బు చేత్తోనే దాన్ని దగ్గరికి లాగింది.