టీ కప్పు కింది ప్రోగ్రాము

ఆఫీసులో అందరూ ఆమెను బ్రాకెట్లమ్మ అనేవారు. నీళ్ల పంపులను నడిపే ప్రోగ్రామును ఆమె స్కీమ్ భాషలో రాసింది. ఆ భాష నిండా బ్రాకెట్లే. రెండు కాగితాల్లో అచ్చేసి ఇస్తే పెద్ద ఇంజనీరు చదవకుండానే వాటిమీద టీ కప్పు పెట్టాడు.

"పంపుహౌస్ కంప్యూటర్లో స్కీమ్ లేదు, పెట్టనివ్వను కూడా. ఇక్కడ సీ భాషే. రూలు రూలే."

 ఆమె తన ఎనభై లైన్లను, ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే కంపైలరుతో సీలోకి మార్పించింది. దాన్నుంచి, స్కీమ్ అవసరమే లేకుండా తనంతట తాను నడిచే ఒక్క ఫైలు తయారైంది. నెల్లాళ్ల పరీక్షలో పంపులు బుద్ధిగా తిరిగాయి.

ఆ ఆఫీసు పద్ధతి ప్రకారం ప్రతి సీ లైనూ పెద్ద ఇంజనీరే చదివి సంతకం పెట్టాలి. కంపైలరు రాసిన సీ ఫైలు తెరిచి ఆయన తెల్లమొహం వేశాడు. పద్నాలుగు వేల లైన్లు!

"ఏంటమ్మా ఇది? మనిషన్నవాడు చదవగలడా?"

"మీరడిగిన సీయే కదా సార్. రూలు రూలే."

"సర్లే, నువ్వు స్వయంగా రాసిందేదో అది చూపించు."

బ్రాకెట్లమ్మ ఆయన కప్పు పైకెత్తి, టీ మరకలు పడ్డ రెండు కాగితాలు ముందుకు తోసింది.

"నెల్లాళ్లుగా మీ ముందే ఉంది సార్."