కనకవ్వ మునుం

కనకవ్వ కళ్లకు పొరలు కమ్మాయన్న సంగతి సిరిసిల్ల బట్టల ఫ్యాక్టరీలో మూడో లైన్ ఆడవాళ్లందరికీ తెలుసు. సూపర్‌వైజర్ యాదగిరికి మాత్రం తెలియదు. తెలిసిన రోజు ఆమె పని ఊడుతుంది. కొడుకు రాజం దుబాయిలో కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి అయ్యాడు. చేతిలో కాగితాలు లేవు, ఇంటికి రాలేడు, పైసా పంపలేడు, ఎక్కడో దాక్కుని బతుకుతున్నాడు. కోరుట్లలో కోడలూ మనవరాలూ కనకవ్వ జీతం మీదే నెట్టుకొస్తున్నారు. అందుకే లైన్ లైనంతా నోరు కుట్టుకుంది.

ఆ గుట్టు నిలబడింది మునుం పద్ధతి వల్ల. వాళ్లంతా మల్లాపూర్ వైపు పొలాల్లో నాట్లేసి వచ్చినవాళ్లే. నాట్లలో ఒక్కొక్కరూ ఒక్కో పట్టీ పట్టుకుని వెనక్కి నడుస్తారు, అదే మునుం. ఒకామె వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె మునుంలోంచి కొంత తమవైపు లాక్కుంటారు. అందరూ ఒక్కసారే గట్టెక్కుతారు. మడి నిండితే చాలు, ఎవరు చురుకో ఎవరు నిదానమో ఆసామికి పట్టదు. ఫ్యాక్టరీలోనూ వాళ్లు అదే చేశారు. జేబులు కుట్టే కనకవ్వ బండిల్‌లోంచి కొన్ని పీసులు సౌమ్య ఒళ్లోకి, కొన్ని మొగిలవ్వ ఒళ్లోకి జారిపోయేవి. సూదిలో దారం సౌమ్యే ఎక్కించేది. సౌమ్యను ఇక్కడికి తీసుకొచ్చి, మిషన్ ముందు కూర్చోబెట్టి పని నేర్పింది కనకవ్వే మరి.

అలాంటి చోటికి కొత్త మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడని తిట్టుకోవడానికి కూడా లేదు, అదే వచ్చిన చిక్కు. ప్రతి శనివారం మీటింగ్ పెట్టి, "భయపడకండమ్మా. మీ మనసులో ఉన్నది చెప్పండి. మీ ఐడియాలే మన కంపెనీకి బలం" అనేవాడు. ఆడవాళ్లు నేల చూపులు చూసేవాళ్లు. "ఏంది, చేతులు ఆడుతలేవా?" అని తప్ప వాళ్లను అంతవరకు ఎవరూ ఏమీ అడిగి ఎరగరు.

ఒక శనివారం, లైన్లన్నీ కలిపి మనుషుల్ని అటూ ఇటూ మారుస్తానన్నాడు మేనేజర్. పక్కన సౌమ్య లేకపోతే కనకవ్వ గుట్టు ఒక్క పూటలో బయటపడుతుంది. ఏమైతే అయిందని సౌమ్యే లేచి నిలబడింది.

"మా లైన్ కలపకుండ్రి సార్. గిట్లనే ఉండనియ్యుండ్రి."

"ఎందుకమ్మా?"

"ఊకెనే సార్."

"ఊరికే ఎవరూ అడగరు. నేను నీ అన్నలాంటివాణ్ని. చెప్పినందుకు ఎవరికీ నష్టం రానివ్వను."

మొగుడు సతీశ్ మస్కట్ పోయినప్పటి నుంచి సౌమ్యతో అంత మెత్తగా మాట్లాడిన మనిషి లేడు. ఆ మెత్తదనానికే కరిగిపోయింది పిచ్చిది. నాట్ల సంగతి, మునుం సంగతి పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"గా కనకవ్వత్తకు కండ్లు సక్కగ కనవడయ్ సార్. అయినా ఎన్నడన్న పని తక్కువైందా? మేం అందుకుంటం. మనిషికింత అని కాదు సార్, లైన్‌కు లెక్క పెట్టుండ్రి."

కనకవ్వ తల ఎత్తలేదు. మేనేజర్ మాత్రం చప్పట్లు కొట్టి, అందరిచేతా కొట్టించాడు.

సోమవారం నుంచి మూడో లైన్‌కు ఉమ్మడి లెక్క వచ్చింది. మేనేజర్ మాట తప్పలేదు, కనకవ్వను తీసేయలేదు. కాకపోతే, ఒకామె పని కూడా మోస్తూ ఇంత కుట్టారంటే వీళ్లు ఇంకా కుట్టగలరని లెక్క వేసి టార్గెట్ పెంచాడు. పొలంలో మడి పెరగదు. ఇక్కడ పెరిగింది. మొగిలవ్వ మంచినీళ్లకు లేవడం కూడా మానేసింది. కనకవ్వ పీసులు ఇక ఎవరి ఒళ్లోకీ జారలేదు, ఆమె ముందే గుట్టగా పేరుకుపోయాయి.

మళ్లీ శనివారం వచ్చింది. "లైన్ మీది. అందులో ఎవరుండాలో మీరే చెప్పండి. ధైర్యంగా మాట్లాడండి" అన్నాడు మేనేజర్.

ఈసారి నోళ్లు లేచాయి. ముందు మొగిలవ్వ లేచింది. "ఆమెతోటి ఎల్లుతలేదు సార్. మేం ఎంతని అందుకుంటం?" అంది. ఆ వెనకే ఎల్లవ్వ, "వేరే పిల్లను ఇయ్యుండ్రి సార్" అంది. తప్పు వాళ్లదని ఎలా అనగలం, వాళ్ల వేళ్లూ వాచిపోయి ఉన్నాయి.

"సౌమ్యా, నువ్వేమంటావమ్మా?"

కనకవ్వత్త ఉండాలని తనంటే రేపటి నుంచి లైన్ తనను కాల్చుకు తింటుంది. ఆమె పని నేనే చేస్తానందామంటే తన పనే తెమలడం లేదు. సౌమ్య నోరు తెరిచింది. మాట రాలేదు. మేనేజర్ ఓపిగ్గా ఎదురుచూశాడు. కనకవ్వ కూడా ఎదురుచూసింది.

చివరికి కనకవ్వే లేచి, "ఆమెనెందుకు సతాయిస్తున్రు సార్? నేనే పోత" అంది.

మర్నాడు కనకవ్వ ఊరెళ్లిపోతోందని తెలిసి సౌమ్య బస్టాండుకు పరుగెత్తింది. కాళ్ల మీద పడాలని, ఏదో ఒకటి చెప్పుకోవాలని. కనకవ్వ సంచి పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. సౌమ్య ఎదురుగా వెళ్లి నిలబడితే, మొహంలోకి చూసి, "కోరుట్ల బస్సు గిదేనా బిడ్డ?" అని అడిగింది.

పరాయిదాన్ని అడిగినట్టు అడిగింది. గుర్తుపట్టలేదు. గొంతు విప్పితే పట్టేస్తుంది. సౌమ్య తల ఊపింది. అది కనకవ్వకు కనబడలేదు. జవాబు కోసం కాసేపు అలాగే చూసి, "మాటలు రావు గావచ్చు, పాపం" అనుకుంటూ ఇంకొకరిని అడగడానికి ముందుకు పోయింది.