డాబా మీద పడవ

ఆ ఉదయం మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, మా డాబా మీద బట్టల తీగ ముందురోజే తెగిపోయిందన్న సంగతి మరిచిపోయి నేను తడి చొక్కా ఆరేశాను. సాయంత్రం దాకా అది మంచు మీదే వేలాడింది. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోనివ్వండి, చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది.

మా ఇల్లు గుట్ట మీద. కింద సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ, దాని చివర రేవు. మామూలు రోజుల్లో డాబా ఎక్కితే రేవులో ఎవరు ఏ రంగు లుంగీ కట్టారో చెప్పొచ్చు. ఆ రోజు రేవూ లేదు, పాయా లేదు, అవతలి ఒడ్డూ లేదు. పాలలో పంచదార కలిసినట్టు అన్నీ కలిసిపోయాయి. పిట్టగోడ అవతల లోకం ఉందో లేదో తెలియని తెలుపు. కాకి ఒకటి నడుచుకుంటూ వెళ్ళింది, ఎగరడానికి ధైర్యం చాలక.

ఆ తెలుపులో ఎక్కడో మా బావమరిది ఉన్నాడు.

మా బావమరిది పడవవాడు. అవతలి ఒడ్డు నుంచి మనుషుల్ని, మూటల్ని ఇంజిను పడవలో తెస్తాడు, తీసుకెళతాడు. ఊరంతా వాణ్ణి నత్త అంటుంది. ఆ పేరు పెట్టిన ఘనత నాదే. వాడి పడవలో చంటిపిల్లవాడిగా ఎక్కినవాడు అవతలి ఒడ్డున మీసాలతో దిగాడని నేను చెబుతుంటాను. వాడేమో, "నిదానంగా పోతాను గానీ పోయినవాణ్ణి తిరిగొస్తాను బావా. నీ కథలు అలా కాదు, పోతాయి, మళ్ళీ రావు" అంటాడు.

ఆ రోజు తెల్లవారుతూనే అవతలి ఒడ్డున మూటలు దింపి, ఖాళీ పడవతో బయలుదేరాడట. అక్కడివాళ్ళు ఫోనులో చెప్పారు. ఆ తర్వాతే మంచు దిగింది. నత్త నడకతో వచ్చినా గంటలో రేవులో ఉండాలి. పొద్దు నడినెత్తికి వస్తున్నా జాడ లేదు. వాడి ఫోను తడిసిపోతుందన్న భయంతో ప్లాస్టిక్ కవరులో చుట్టి మా అలమరలో దాచాడు. అది భద్రంగానే ఉంది.

రేవు ముందర పళ్ళరాళ్ళని ఉన్నాయి. నీళ్ళలోంచి దవడలా పైకి వస్తాయి. చూసుకుంటూ వచ్చేవాడికి అవి రాళ్ళు, చూడకుండా వచ్చేవాడికి అవే ఆఖరి మాట. లాంచీ నడిపే సరంగు రెండుసార్లు వెతకడానికి వెళ్ళి, తన లాంచీ ముక్కు తనకే కనపడక తిరిగొచ్చాడు. రేవులో పడవలన్నీ హారన్లు మోగించాయి గానీ మంచులో చప్పుడుకు దిక్కు ఉండదు. అన్ని హారన్లూ అన్ని వైపుల నుంచీ వినిపిస్తాయి.

మా ఆవిడ కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతోంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే. చిన్నప్పుడు వాడు నీళ్ళలో ఆడుకుంటూ తిండికి రాకపోతే, పళ్ళెం మీద గరిటెతో వాయించి పిలిచేదట. రెండు దెబ్బలు, ఒక తిట్టు. మళ్ళీ రెండు దెబ్బలు, ఒక తిట్టు. ఆ తిట్లు నాకు కట్నంగా వచ్చాయి.

అప్పుడు మా మనవరాలు ఫోను చేసింది. మా కూతురి కూతురు, విమానం నుంచి రాడారుతో బొమ్మలు తీసే ఆఫీసులో పని.

"తాతయ్యా, ఇసుక మేటలు చూడ్డానికి మా విమానం ఇవాళ పాయ మీద ఎగురుతోంది. పాయంతా బొమ్మలో వస్తుంది. అమ్మమ్మను తీసుకుని రా."

"ఈ మంచులో బొమ్మేం కనపడుతుందే?"

"రాడారుకు మంచు లేదు తాతయ్యా. ముందు రా."

ఆఫీసు మా గుట్ట మెట్లు సగం దిగితే వస్తుంది. కిటికీలన్నీ మూసిన చల్లటి గది. కుర్చీకి ఒక స్వెట్టరు వేసి ఉంది, పిడి విరిగిన టీ కప్పులో పెన్సిళ్ళు. మా ఆవిడ తెర ఎదురుగా కూర్చుంది. నేను నిలబడ్డాను. బొమ్మ ఒక్కసారిగా రాలేదు. చాప అల్లినట్టు పై అంచు నుంచి ఒక్కో వరసా కిందికి దిగింది. నీళ్ళు నల్లగా, ఇళ్ళు ఒలికిన ఉప్పులా, మా గుట్ట బూడిద రంగులో. మంచు అన్నదే లేదు. ఎవరో ఊరిని నిద్రపుచ్చి, దాని కల మాత్రం బయటికి తీసి పరిచినట్టుంది.

"మా వాడేడీ?" అంది మా ఆవిడ.

మనవరాలు వెతికింది. నల్లటి నీళ్ళలో సన్నటి గీత ఒకటి ఉంది, పడవ నడిచినప్పుడు నీళ్ళ మీద పడే చాలు. ఆ చాలుకు ముందర పడవ లేదు. దున్నిన గీత ఉంది, నాగలి లేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో నా వాచీ ఆగిపోయింది.

"ఉండమ్మమ్మా, ఉండు" అంటూ మనవరాలు బొమ్మను పక్కకు జరిపి, గుట్ట మీద మెరుస్తున్న ఒక చుక్క దగ్గర ఆగింది. "ఇదిగో. పడవే. ఈ సైజు, ఈ మెరుపు పడవదే."

నేను కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. అది మా వీధి. అది మా ఇల్లు. మా బావమరిది పడవ మా డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఉంది.

జీవితమంతా కోతలు కోసినవాణ్ణి. ఇంత పెద్ద కోత నాకు కూడా ఎప్పుడూ తట్టలేదు.

"ఇదేంటే, మీ తాత కథలు మీ మిషనుక్కూడా నేర్పావా?" అంది మా ఆవిడ.

"కాదమ్మమ్మా, విను. విమానం దారి పొడుగునా కేకలు వేసుకుంటూ పోతుంది. కిందున్న ప్రతిదీ జవాబు చెబుతుంది. ఆ జవాబులన్నీ పోగేసి ఎవరు ఎక్కడున్నారో మిషను లెక్క కడుతుంది. ఎవరూ కదలటం లేదనే అనుకుంటుంది, పాపం. ఇల్లు కదలదు, అందుకని ఇల్లు ఉన్నచోటే పడుతుంది. కదిలేది మాత్రం ఉన్నచోట పడదు, పక్కకు జరిగి పడుతుంది. చాలు కదలదు కాబట్టి నీళ్ళలోనే ఉంది. పడవ కదులుతోంది కాబట్టి మన డాబా ఎక్కింది."

"అంటే..." అంది మా ఆవిడ.

"అంటే బతికే ఉన్నాడు. ఇప్పుడు పోటు ఆగిన వేళ, నీటికి నడక లేదు. కదులుతోందంటే ఇంజినే నడుపుతోంది, ఇంజిను నడుపుతున్నది నత్త తాతయ్యే."

"కదలడం సరే. ఎటు కదులుతున్నాడు? వస్తున్నాడా, పోతున్నాడా?"

ఆ ప్రశ్న నాకు తట్టలేదు సుమా. మనవరాలు నవ్వింది, పొద్దున్నుంచి మొదటిసారి. "విమానం సముద్రం వైపు నుంచి మన గుట్ట వైపు, మన ఒడ్డు వెంబడే ఎగిరింది. దాని దారి వైపు వచ్చేవాళ్ళు ముందుకు జరిగి పడతారు, దూరంగా పోయేవాళ్ళు వెనక్కి పడతారు. నత్త తాతయ్య ముందుకు పడ్డాడు. వస్తున్నాడు. రేవు ఎక్కడుందో తెలియక వంకరటింకరగా వస్తున్నాడు, అంతే."

"ఎంత జోరుగా?" అన్నాను నేను, ఊరుకోలేక.

ఆమె ఏదో లెక్క కట్టి చెప్పింది. నా జన్మలో మా నత్త అంత వేగంగా నడపగా నేను చూడలేదు. భయం వాడికి గుర్రాన్ని కట్టింది.

చాలు కొస ఎక్కడుందో చూసి మనవరాలు సరంగుకు ఫోను చేసింది. లాంచీ బయలుదేరింది. చాలు కొస నుంచి గీత అలాగే ముందుకు సాగదీస్తే పళ్ళరాళ్ళ మీదికి పోతోందని ఆమె చెప్పలేదు. నాకూ కనపడింది, నేనూ చెప్పలేదు. మా ఆవిడకూ కనపడే ఉంటుంది, ఎందుకంటే లేచి నిలబడింది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఇంటికి. వాడు డాబా మీద ఉన్నాడుగా."

"అక్కడ కనపడుతున్నాడంతే అమ్మమ్మా, అక్కడ లేడు."

"కనపడేవాణ్ణి వదిలేసి కనపడనివాణ్ణి ఎక్కడని వెతకనే?" అని కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. ఆ మాటకు రాడారు దగ్గర కూడా జవాబు ఉండదనుకుంటాను.

విమానం మళ్ళీ సముద్రం మీదికి పోయి, తిరిగి అదే దారిన రావాలి. ఎదురుచూస్తూ కూర్చున్నాం. మూసిన గదిలో మిషన్ల రొద తప్ప ఏమీ వినపడదు. నాకు కొంచెం కునుకు పట్టిందేమో, ఊళ్ళో కదిలేవన్నీ ఇల్లు మారినట్టు అనిపించింది. కూరలబండి కప్పుల మీద పోతోంది, సైకిలువాడు గోడలోంచి గంట కొడుతున్నాడు, మా బావమరిది నా మంచం పక్కన లంగరు వేసి, "కాస్త జరుగు బావా" అంటున్నాడు.

రెండో బొమ్మ దిగడం మొదలైంది. లాంచీ సముద్రం వైపు జరిగి ఇసుక మేట ఎక్కి కూర్చుంది, దూరంగా పోతోంది కాబట్టి. గుట్ట వచ్చింది. మా ఇల్లు వచ్చింది. డాబా మీద ఏమీ లేదు, ట్యాంకు తప్ప.

పడవ నీళ్ళలో ఉంది. చక్కగా, కొత్త మేకులా, అంచులతో సహా తేటగా.

"హమ్మయ్య! ఉండాల్సిన చోటికి వచ్చాడు" అన్నాను.

మనవరాలి మొహంలో నెత్తురు లేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఉన్నచోటే ఉన్నాడంటే కదలటం లేదు. ఇంజిను ఆగింది. పళ్ళరాళ్ళకు ఇంత దూరంలో, నేను అటు ఉమ్మితే తగిలేంత దూరంలో, ఆగింది.

"రాయికి తగిలిందంటావా?"

"తెలీదు తాతయ్యా. పడవ ఉందని చెబుతుంది గానీ, అందులో మనిషి ఉన్నాడని ఇది చెప్పదు."

సరంగుకు ఈసారి చోటు చెప్పడానికి లెక్కేమీ అక్కర్లేకపోయింది. ఎక్కడ కనపడుతోందో అక్కడే ఉంది. నా జన్మంతా వాడు నిదానమని ఎగతాళి చేశాను. ఆ గదిలో కూర్చుని, కదలరా నాయనా, మా డాబా ఎక్కరా, మా ట్యాంకు పగలగొట్టినా ఏమీ అననురా అని దేవుడికి కాదు, ఆ తెరకు దండం పెట్టుకున్నాను.

ఫోను మోగింది. మనవరాలు స్పీకరు నొక్కింది. సరంగు గొంతు కోపంగా ఉంది.

"దొరికాడండీ మీ నత్త. నిక్షేపంలా ఉన్నాడు. వెతుక్కుంటూ వచ్చామన్న విశ్వాసం కూడా లేదండీ, మమ్మల్నే కసురుతున్నాడు!"

"ఏమని?"

"మా లాంచీ ఇంజిను ఆపమంటాడు. ఆ రొదలో వాళ్ళక్క తిట్లు వినపడటం లేదంట!"

మనవరాలు నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. తలుపు తీసుకుని ఇద్దరం మెట్ల మీదికి వచ్చాం. పైన మంచులో, మా డాబా ఉండాల్సిన వైపు నుంచి వినపడుతోంది. ఠంగు ఠంగు. "ఒరే దరిద్రుడా, కూడు చల్లారిపోతోందిరా!" ఠంగు ఠంగు. "నీ పడవకు చెదలు పట్ట, ఇంటికి రావేంరా!"

సాయంత్రానికి మంచు పలచబడింది. రేవులో దిగిన మా బావమరిదికి ఒంటి మీద చిన్న గీత లేదు, నిద్రలేని కళ్ళు తప్ప.

"అన్ని వైపులా హారన్లే బావా. ఏది రేవో తెలీదు. పిచ్చెత్తినట్టు అటూ ఇటూ తోలాను. ఇంతలో ఎక్కడో సన్నగా పళ్ళెం చప్పుడు. అక్కే. ఇంజిను రొదలో మళ్ళీ పోయింది. టక్కున ఆపేసి, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నా. చూస్తే పక్కనే రాళ్ళు. ఇంకొంచెం తోలుంటే నీకు కథ చెప్పుకోవడానికి మంచి సరుకు దొరికేది."

"ఇప్పుడు దొరికింది చాల్లే" అన్నాను. డాబా మీద పడవ సంగతి చెప్పాను. వాడు నమ్మలేదు. మనవరాలిని అడిగాడు. అది నిజమేనంది. నా మాట నిజమైనందుకు వాడు చాలాసేపు బాధపడ్డాడు.

తిన్నాక నలుగురం డాబా ఎక్కాం. పళ్ళెం నిండా సొట్టలు, గరిటె పిడి వంగింది. మా ఆవిడ గొంతు పోయింది, సైగలతో తిడుతోంది.

"ఎక్కడ బావా నా పడవ కట్టింది?"

ట్యాంకు పక్కన చోటు చూపించాను. వాడు వెళ్ళి, తడి ఉందేమోనని చేత్తో తడిమి చూసి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పైన ఎక్కడో, మిగిలిన మంచు అవతల, విమానం చప్పుడు వినపడింది. ఆఖరి చుట్టు.

"పాపా," అన్నాడు మనవరాలితో, "కదలకపోతే సరిగ్గా ఉన్నచోటే పడతానన్నావు కదూ?"

"అవును తాతయ్యా."

"అయితే నేనిక్కడున్నట్టు రాసుకోమను" అని కళ్ళు మూసుకున్నాడు. మా ఆవిడ వాడి పక్కన కూర్చుని, వాడి చొక్కా అంచు పట్టుకుని, తనూ కదలడం మానేసింది. మనవరాలు గోడకు ఆనుకుని అలాగే నిలబడింది.

నేను మాత్రం ఆగలేకపోయాను. అటు చివర మంచు మీద నా చొక్కా ఇంకా వేలాడుతోంది, పడిపోయేలోపు తెచ్చుకుందామని పరిగెత్తాను. ఆ బొమ్మలో నేను ఎవరి పెరట్లో పడ్డానో ఇప్పటికీ తెలియదు.