రాయబారి మరిచిపోయిన ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కును. టీ పోసుకునే మామూలు ఫ్లాస్కును. పైన ఆకుపచ్చ రేకు, లోపల గాజు సీసా. ఆ సీసాకి రెండు గోడలు, గోడల మధ్య గాలి కూడా లేని ఖాళీ. లోపలి వేడి బయటికి పోకూడదు, బయటి చలి లోపలికి రాకూడదు. నన్ను చేసినవాళ్ళు నాకు నేర్పిన ధర్మం ఇదొక్కటే. అందుకే ప్రభుత్వాలు "మా ఇంటి గొడవలో మీరు తలదూర్చకండి" అని ఒకదాన్నొకటి గదమాయించుకుంటుంటే నాకు వింతగా ఉండదు. మా కులంవాళ్ళే అనుకుంటాను. కాకపోతే మా గోడలు నిజంగా ఉంటాయి.

నేను పుట్టింది పడమటి తీరాన ఒక గాజు కార్ఖానాలో. నాతోపాటు కొలిమి చూసినవాళ్ళలో చాలామంది పెట్టెలోకి ఎక్కకముందే పగిలిపోయారు. మిగిలినవాళ్ళం గట్టివాళ్ళమని చెప్పుకుంటాం గానీ, అది ఒట్టి అదృష్టం. లారీలు మారి మారి విజయనగరంలో ఒక గిన్నెల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను కొన్నవాడు బెవర గౌరునాయుడు. రాజాం దగ్గర ఊరు, రోడ్లు వేసే ఇంజనీరు. తూర్పు సరిహద్దు కొండల్లోకి బదిలీ అయింది ఆయనకి. వేళకి టీ పడకపోతే తల పగిలిపోతుందనే రకం. ఆయన భార్య దమయంతి, భర్త పాత పొందూరు ఖద్దరు చొక్కా చింపి, ఎర్ర దారంతో గొలుసుకుట్టు వేసి నాకు తొడుగు కుట్టింది. "అక్కడ సలికి రేకు ముట్టుకుంటే సెయ్యి జివ్వుమంటాది" అని ఆమె గొడవ. నాకు బట్ట కట్టినవాళ్ళు ఆమెకు ముందు లేరు, తర్వాతా లేరు.

ఆ కొండలవాళ్ళలో కొందరు తమది వేరే దేశం కావాలంటున్నారు. వాళ్ళలో కొందరు తుపాకులు పట్టారు. రోడ్డు పడితే సైన్యం వస్తుందని వాళ్ళకి రోడ్డంటే గిట్టదు. వాళ్ళకి తిండీ, తుపాకులూ, తలదాచుకునే చోటూ ఇస్తున్నది పొరుగుదేశమేనని మన ప్రభుత్వం అంటుంది. మాకేం తెలుసు పాపం, అని పొరుగుదేశం అంటుంది. వాళ్ళకి అందే బియ్యం బస్తాల మీద పొరుగుదేశపు ముద్రలు నేను చూశాను గనక ఎవరి మాట నిజమో నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

చూసింది ఎలాగంటారా? ఒక పొద్దున జీపుకి అడ్డంగా చెట్టు పడి ఉంది. తుపాకులవాళ్ళు డ్రైవర్ని పొమ్మన్నారు, గౌరునాయుణ్ణి నడవమన్నారు. నేను ఆయన భుజాన ఉన్నాను. ఒక వాగు దాటాం. అదే సరిహద్దని తర్వాత తెలిసింది. అవతలి నీళ్ళూ ఇవతలి నీళ్ళూ ఒకటిగానే ఉన్నాయి. ఆ బియ్యం బస్తాలు పేర్చిన వెదురు గుడిసెలో ఆయన్ని ఉంచారు. కొట్టలేదు, తిట్టలేదు, వదల్లేదు. నాలో టీ లేకపోయినా ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకునే కూర్చునేవాడు. కొన్నాళ్ళకి కొండ భాష రాని పొరుగుదేశపు అధికారి ఒకాయన వచ్చి, గౌరునాయుణ్ణి ఎగాదిగా చూసి, చుట్టూ వెతికి, నన్ను పట్టుకుపోయాడు. అక్కడినుంచి నేను ఢిల్లీకి, వాళ్ళ రాయబారి పేర వచ్చే సంచిలో వచ్చాను. సంచి తనిఖీ చేయరు, అదొక మర్యాద.

మన విదేశాంగ శాఖలో పొరుగుదేశం వ్యవహారాలు చూసే అధికారి దువ్వూరి విశ్వేశ్వరం. మంచి మాటకారి. "ఇది పూర్తిగా మా అంతర్గత వ్యవహారం, ఇందులో మూడో మనిషికి చోటు లేదు" అనే వాక్యం ఆయన రాసిందే. కొండల్లో జవాన్లు చనిపోయినప్పుడల్లా రాయబారిని పిలిపించి ఆ వాక్యం చదివి వినిపించడం ఆయన ఉద్యోగం. అలా పిలిపించిన రోజున రాయబారికి టీ ఇవ్వరు. కోపంగా ఉన్నామని చెప్పడానికి మన ఘనమైన ప్రభుత్వం కనిపెట్టిన పద్ధతి అది.

నేను చేరాక అలా పిలిపించిన ఒక రోజు రాయబారి నిరసన అంతా విన్నాడు. "మీ ఆరోపణలను మా ప్రభుత్వం తోసిపుచ్చుతోంది" అని తన పాఠం అప్పజెప్పాడు. తర్వాత నవ్వుతూ సంచిలోంచి నన్ను తీసి బల్లమీద పెట్టాడు. "ఇవాళ ఇక్కడ టీ దొరకదని తెలుసు. అందుకని తెచ్చుకున్నాను" అన్నాడు. తాగలేదు. లేచి వెళ్ళిపోతూ నన్ను మరిచిపోయాడు.

విశ్వేశ్వరం నా తొడుగు చూసి అలాగే ఉండిపోయాడు. అంతకు కొద్దిరోజుల ముందే దమయంతి ఆ గదికి వచ్చి ఏడ్చి వెళ్ళిందట. ఖద్దరు తొడుగు, ఎర్ర గొలుసుకుట్టు, అన్నీ చెప్పిందట. నా మూత విప్పి చూశాడు, ఖాళీ. రాయబారి చెప్పదలచింది ఆయనకు అర్థమైంది. మీ మనిషి బతికే ఉన్నాడు, మమ్మల్ని అడగండి, ఇప్పిస్తాం. అడగడమంటే ఏమిటో కూడా అర్థమైంది. ఇన్నేళ్ళూ లేదన్న మూడో మనిషికి చేజేతులా కుర్చీ వేయడం.

దాచలేదు. ఉద్యోగ ధర్మం గనక నన్ను పట్టుకుని మంత్రి దగ్గరికి వెళ్ళాడు. మంత్రి ముసలాయన, ముఖం వెలిగిపోయింది. "ఇంతకన్నా రుజువేం కావాలి? సాయంత్రం విలేకరుల ముందు పెడదాం" అన్నాడు.

"పెడితే ఆ ఇంజనీరు బతకడు సార్."

"పెట్టక, వాళ్ళనే బతిమాలామనుకో. ఇవాళ ఒక మనిషిని ఇప్పిస్తారు. రేపు కొండల సంగతి మాట్లాడటానికి మన సరసన కూర్చుంటారు. అప్పుడు ఎంతమంది జవాన్లు పోతారో లెక్క చెప్పు."

 మంత్రి మాటలో తప్పు నాకు కనపడలేదు. అయితే నేను ఫలానా ఇంజనీరు ఫ్లాస్కునని ఎవరో చెప్పాలి కదా. ఆంధ్రా భవన్‌లో దిగి ఉన్న దమయంతిని పిలిపించారు. ఆమెకు హిందీ రాదు, మంత్రికి తెలుగు రాదు. మధ్యలో దుబాసీ విశ్వేశ్వరమే.

"ఇది మీ భర్తదేనా?" అని మంత్రి అడిగాడు.

విశ్వేశ్వరం తెలుగులో అందుకున్నాడు. "అమ్మా, ఇది మీ ఆయనదేనా అని అడుగుతున్నారు. అవునంటే సాయంత్రం దీన్ని టీవీలో చూపించి పొరుగువాళ్ళ గుట్టు బయటపెడతారు. అప్పుడు వాళ్ళు మీ ఆయన్ని చూడనే లేదంటారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏమైనా చేస్తారు. కాదంటే దీన్ని రాయబారికి తిరిగి పంపిస్తారు. ఆయన వస్తాడని నేను మాటివ్వలేను. దారి మాత్రం మూసుకుపోదు. ఏం చెప్పాలో నేను చెప్పకూడదమ్మా."

"అంత చిన్న ప్రశ్నకి ఇంత పొడుగేమిటి?" అన్నాడు మంత్రి.

"మా భాష కొంచెం సాగుతుంది సార్."

దమయంతి నన్ను రెండు చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలు తన కుట్టు మీద కొస దాకా నడిచింది. వేడి దాచుకోవడానికే పుట్టినదాన్ని, ఆ చేతుల వేడి మాత్రం నా రేకు దాటి గాజు దాకా వచ్చింది. అప్పుడు నాకు నోరుంటే ఏం చెప్పి ఉండేదాన్నో తెలీదు. లేకపోవడమే మంచిదైంది.

ఆమె నన్ను బల్లమీద పెట్టేసింది. "ఇది మాది కాదు బాబూ" అంది. "మాదానికి తొడుగు లేదు."

విశ్వేశ్వరం ఆ మాటల్ని ఉన్నవున్నట్టు హిందీలోకి తిప్పాడు. ఒక్క మాట ఎక్కువ లేదు. మంత్రి ఆమెను చాలాసేపు చూశాడు. ఆయనకు తెలుగు రాదు సరే, మనుషుల మొహాలు చదవడం కూడా రాకుండా అంతదూరం వచ్చాడని నేననుకోను. "రాయబారి మరిచిపోయిన వస్తువు రాయబారికి పంపించండి" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. విశ్వేశ్వరం నన్ను కడిగించి, అల్లం టీ నిండా పోయించి, మూత బిగించి పంపాడు. కాగితం ముక్క కూడా జత చేయలేదు, అడగడం అంతటితో అయింది. సాయంత్రం యథాప్రకారం తీవ్ర నిరసన వెలువడింది.

వానలు వెనకబట్టాక గౌరునాయుడు వాగు దాటి ఒక్కడే నడిచొచ్చాడు. విదేశీ ప్రమేయం ఏదీ లేకుండానే వచ్చాడని మన ప్రభుత్వం ప్రకటించింది. ఆ మనిషెవరో తమకు తెలియదని పొరుగుదేశం ప్రకటించింది. ఎప్పుడూ కలవని ఆ రెండు ప్రభుత్వాలూ ఆ ఒక్క అబద్ధం మాత్రం కలిసి ఆడాయి. ఏడాది తిరక్కుండా కొండలవాళ్ళతో జరిగిన చర్చల్లో పొరుగుదేశపు మనిషి పరిశీలకుడి పేరుతో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. అభ్యంతరం రాయమంటే విశ్వేశ్వరమే రాశాడు. ఆ కుర్చీ ఎవరు వేశారో తెలిసిన చేత్తో రాశాడు. చర్చలు విరిగాయి, కొండల్లో మళ్ళీ జవాన్లు పోయారు. ఆ పేర్లు పేపర్లో వచ్చిన రోజున ఆయన భోజనం క్యారియరు విప్పేవాడు కాదు.

ఈ చర్చల గొడవంతా నేను ఆయన గదిలోనే ఉండి చూశాను. గౌరునాయుడు తిరిగొచ్చిన కొద్దిరోజులకే, బదిలీ మీద వెళ్ళిపోతూ రాయబారి వీడ్కోలుకి వచ్చి, నన్ను మళ్ళీ మరిచిపోయాడు. విశ్వేశ్వరం నన్ను బీరువా మీద పెట్టుకున్నాడు.

ఒకసారి దమయంతి భర్తను వెంటబెట్టుకుని దండం పెట్టి పోదామని వచ్చింది. గౌరునాయుడు చిక్కి సగమయ్యాడు, కూర్చున్నా ఒళ్ళో చేతులు కుదురుగా ఉండటం లేదు. చూపు అటూ ఇటూ తిరిగి బీరువా మీదికి వచ్చి ఆగింది. లేచి నిలబడ్డాడు.

"ఇది మనది గదే!"

 విశ్వేశ్వరం నన్ను దించి ఆమె ముందు పెట్టాడు, తీసుకెళ్ళమన్నట్టు. దమయంతి నన్ను ముట్టుకోలేదు. రెండు ప్రభుత్వాలవాళ్ళూ ఆడి మరిచిపోయిన అబద్ధానికి ఇంకా కట్టుబడి ఉన్నది ఆమె ఒక్కతే.

"కాదండీ" అంది, భర్త చెయ్యి పట్టుకుని. "మనది మనింటికొచ్చీసింది."